ఎడమ కాలి బ్రేకు

మా ఆయనకి ఎడమ కాలు మోకాలి కింద నుంచి లేదు. ఇలా రాయడానికి నాకేమీ ఇబ్బంది లేదు గానీ, మా ఏలూరులో ఈ మాట ఎవరూ ఇలా అనరు. కూరల కొట్టు దగ్గర కనబడినవాళ్ళు, బళ్ళో తోటి టీచర్లు, అందరూ "సారుగారి కాలు ఎలా ఉందండీ?" అని మెత్తగా అడుగుతారు. "బానే ఉందండీ" అంటాను నేను. లేని కాలు బాగుండటం ఏమిటో అడిగినవాళ్ళకీ తెలియదు, చెప్పిన నాకూ తెలియదు. మా వైపు మర్యాద అంతే. ఉన్నదున్నట్టు అంటే ఎదుటి మనిషి నొచ్చుకుంటాడని చుట్టూ తిరిగి మాట్లాడతాం. "ఆపరేషనయింది" అంటాం, "నడక తగ్గింది" అంటాం, "కొంచెం ఇబ్బందిగా ఉంది" అంటాం.

నేను హైస్కూల్లో ఫిజికల్ సైన్సు చెబుతాను. ఆయనది కైకలూరు అవతల, కొల్లేటి అంచున ఒక చేపల చెరువు. పెళ్ళికి ముందు నుంచీ ఆయన బతుకంతా ఆ గట్టు మీదే. తెల్లారేసరికి అక్కడుండాలి. చేపలు గాలి చాలక పైకి తేలుతున్నాయా, మేత సంచులు ఖాళీ అయ్యాయా, నీళ్ళ రంగు మారిందా, అన్నీ కళ్ళతో చూసుకోవాలి. గట్టు మీద చెప్పులు జారతాయని ఒట్టి కాళ్ళతో తిరిగేవారు. షుగరున్న మనిషి, వద్దంటే వింటేనా! నత్తగుల్ల కోసుకుంది. పుండు మానలేదు. చివరికి డాక్టర్లు కాలు తీసేశారు.

పెట్టుడు కాలు ఇచ్చారు. ఆయన దాన్ని పడగ్గది తలుపు వెనక నిలబెట్టారు. అది కనబడకుండా ఆ తలుపు ఎప్పుడూ బార్లా తీసే ఉంచేవారు. తను మాత్రం వసారాలో కుర్చీలో కూర్చుని, ఫోనులో తమ్ముడితో చెరువు సంగతులు మాట్లాడేవారు. మా మరిది మంచివాడు. తన చెరువు తను చూసుకుంటూ, దీన్నీ చూస్తున్నాడు. కొన్నాళ్ళకి ఆ ఫోన్లు కూడా పొడిపొడిగా తయారయ్యాయి. ఒకరోజు అన్నం తింటూ ఆయన అన్నారు.

"ఈ పట్టుబడి అయిపోయాక చెరువు తమ్ముడికి అప్పజెప్పేస్తాను. గట్టెక్కలేనివాడికి చెరువెందుకు?"

పట్టుబడి అంటే వల వేసి చేపలన్నీ పట్టేయడం. దానికి ఇంకా కొన్ని నెలలుంది. చెరువు పోయినా మాకు పూట గడుస్తుంది, నా ఉద్యోగం ఉంది. నా భయమల్లా ఆ కుర్చీ. ఆ మాటకి నేను సరేనంటే ఆయన ఇక ఆ కుర్చీలోంచి లేవరని నాకు ఖాయంగా తెలుసు. అందుకని సరే అనలేదు, కాదనీ అనలేదు. మజ్జిగ పోశాను.

మరిది వచ్చినప్పుడు స్కూటీ కొనమన్నాడు. రెండు బ్రేకులూ చేతికే ఉంటాయి, గేర్లుండవు, హాయి కదా అన్నాడు. "ఆ చిన్న చక్రాలు మన రేగడిలో దిగబడితే లాగడానికి జేసీబీ తెస్తావా?" అన్నారు ఈయన. సరే, ఉన్న బండికి పక్క చక్రాలు వేయిద్దామన్నాను నేను. "గట్టు ఎంత వెడల్పో నీకు తెలుసా? మూడో చక్రం నీళ్ళలో నడుస్తుందా?" అని నా మీద లేచారు. కోపం వచ్చింది కానీ, ఆయన అన్నదే నిజం. ఆ గట్టు మీద మనిషికి మనిషి ఎదురైతే ఒకళ్ళు పక్కకి తిరిగి నిలబడాలి. మామూలు బండి నడుపుదామా అంటే గేర్లన్నీ ఎడమ కాలికే. ఆ బండి అప్పటికే మరిది వాడుతున్నాడు.

అప్పుడే, ఎటో చూస్తూ, "పాత దాని గేరు కుడి పక్క కదా" అని ఆగిపోయారు. మిగతాది చెప్పలేదు. చెప్పాలంటే కాలి ఊసు ఎత్తాలి.

పాతదంటే పెరట్లో రేకుల కింద, కొబ్బరి మట్టల మాటున పడి ఉన్న మోటారు సైకిలు. పెళ్ళయిన కొత్తలో నేను దాని వెనక ఒక పక్కకి కూర్చుని, చీర చక్రంలో పడుతుందేమోనని చచ్చేంత భయపడుతూ కొల్లేరంతా తిరిగాను. ఆ కాలపు బళ్ళకి అన్నీ తిరగేసి ఉండేవి. గేరు కుడి కాలికి, వెనక బ్రేకు ఎడమ కాలికి. కిక్కు కూడా కుడివైపే. లెక్క నేను కట్టుకున్నాను. కుడి కాలితో కిక్కు కొట్టొచ్చు, గేరు వెయ్యొచ్చు. ఎడమ కాలి బ్రేకు ఒక్కటి చేతికి తెచ్చుకుంటే చాలు. ఆయనకి సరిపడే బండి లోకంలో అదొక్కటే, అది మా పెరట్లోనే ఉంది. పెద్ద చక్రాలు కూడాను.

దాన్ని వసారాలోకి తోయించాను. ఆయన కుర్చీలో, నేను కింద పీట మీద. చేతులు నావి, నోరు ఆయనది. హెడ్‌లైటు విప్పితే ఎలుకలు పెట్టిన గూడు, అందులో మా ఇంటి పాత పరదా పీలికలు. ట్యాంకులో పెట్రోలు జిగురై తుప్పుతో కలిసిపోయింది. దాన్ని ఊడదీసి, లోపల గుప్పెడు నట్లూ కిరసనాయిలూ పోసి, ఒళ్ళో పెట్టుకుని ఊపమన్నారు. సాయంత్రం బడి నుంచి రావడం, ట్యాంకు ఒళ్ళో పెట్టుకుని ఊపడం. పక్కింటావిడ గోడ మీంచి చూసి, "ఏంటండీ టీచరుగారూ, పసిపిల్లాణ్ణి ఊపుతున్నారా?" అని నవ్వేది. నా భుజాలు పడిపోయాయి.

విప్పిన బోల్టులు కలిసిపోకుండా పాత ఇడ్లీ రేకులు తెచ్చి పెట్టాను. ఒక్కో గుంటలో ఒక్కో చోటి బోల్టులు. ఇంజను పక్క మూతవి పై రేకులో, చక్రానివి కింద రేకులో. ఆయనకి ఈ ఏర్పాటు బాగా నచ్చింది. "టీచరమ్మ బుర్రే బుర్ర" అన్నారు. మర్నాడే నేను ఒక రేకు తన్నేసి అన్నీ కిందికి పోస్తే, అదే బుర్రని అనరాని మాటలన్నారు. నేనూ ఊరుకోలేదు. "మీరే దిగి ఏరుకోండి" అన్నాను. అనేశాక నాలుక కరుచుకున్నాను. ఆయన కుర్చీలోంచి జారి, నేల మీద జరుగుతూ ఏరారు. తుప్పు వాసన చూసి "ఇది పనికిరాదు" అని ఒకటి అవతల పారేశారు. ఆపరేషనయ్యాక ఆయన అంతసేపు కుర్చీ వదిలి ఉండటం అదే మొదలు. నేను వంటింట్లోకి వెళ్ళి కాస్త ఏడ్చాను, పొయ్యి మీద పాలు పొంగిపోతుంటే చూస్తూ.

అలా నడిచింది. మెరుగు పోయిన చోట్ల చింతపండుతో తోమాను. బండి చక్రాలు నా ఇత్తడి బిందెల కంటే బాగా మెరిశాయి. వైర్లు కొత్తవి లాగాం. అది ఎలాగో తెలియని చోట ఫోనులో వీడియోలు చూశాం, చూసి ఆ వీడియో చేసినవాణ్ణి ఇద్దరం కలిసి తిట్టాం. పెళ్ళయ్యాక మేమిద్దరం అంత మాట్లాడుకున్నది లేదు. ఎందుకంటే ఆయన ఇంట్లో ఉన్నదీ లేదు. పెట్టుడు కాలు బండి మీద జారిపోకుండా కాలు పెట్టే కమ్మీకి ఒక ఇనప చిప్ప బిగిద్దామని నేనే చెప్పాను. పాదం అందులో కూర్చుంటుంది, కావాలంటే వెంటనే బయటికొస్తుంది. ఆయన చాలాసేపు ఆ చిప్ప వంక చూశారు. మర్నాడు పొద్దున్న లేచేసరికి పడగ్గది తలుపు వేసి ఉంది, పెట్టుడు కాలు తగిలించుకుని మంచం పట్టె పట్టుకుని నిలబడి ఉన్నారు. నేను చూడనట్టే కాఫీ కలపడానికి వెళ్ళిపోయాను. మా మర్యాద నాకూ ఉంది కదా.

ఇక మిగిలింది బ్రేకు. దానికి వెల్డింగు కావాలి, పాత బండి సామాను తెలిసిన మనిషి కావాలి. అలాంటి మెకానిక్కు తాడేపల్లిగూడెంలో ఒకతను ఉన్నాడని తెలిసింది. పాత బళ్ళు కొత్తగా చేసిపెట్టడంలో అతనికి పేరుంది. బండిని ట్రాలీ ఆటోలో ఎక్కించి నేను బయల్దేరుతుంటే ఆయన గుమ్మం దగ్గరికొచ్చి చెప్పారు.

"కాలు లేదని అనకు. కొంచెం బాలేదని చెప్పు చాలు."

అలాగే చెప్పాను. "వెనక బ్రేకు చేతికి రావాలండీ. మా వారికి కాలు కొంచెం బాలేదు." మెకానిక్కు నలభై ఏళ్ళవాడు, నవ్వు మొహం, పని కంటే మాట ముందు. "ఆయ్, అలాగేనండి మేడంగారూ! మీరు నిశ్చింతగా వెళ్ళండి. సారుగారు చూసి ఎగిరి గంతేస్తారు" అన్నాడు. ఏ కాలు అని అతను అడగలేదు. అడిగితే బాగోదు. నేను చెప్పలేదు. చెప్పొద్దన్నారు.

బండి తిరిగొచ్చింది. ట్యాంకు నల్లగా నిగనిగలాడుతోంది, పక్కన సన్నటి బంగారు గీత కూడా గీశాడు. ఆయన పెట్టుడు కాలితో మెట్లు దిగి, చుట్టూ ఒకసారి తిరిగి, కుడి పక్క వంగి చూసి అలాగే ఉండిపోయారు. నేనూ చూశాను. కుడి పక్క గేరు లేదు. ఎడమ పక్కకి వెళ్ళిపోయింది, ఇప్పటి బళ్ళకి ఉన్నట్టే.

ఆటో అతను "ఎలా ఉందండీ?" అన్నాడు. "బాగుందండీ" అన్నారు ఈయన. ఓరి దేవుడా, అప్పుడు కూడా బాగుందే!

మెకానిక్కుకి ఫోను చేశాను. అతని గొంతులో సంతోషం పట్టడం లేదు. "చూశారాండీ! బ్రేకు చేతికి అడిగేవాళ్ళందరికీ కుడి కాలేనండి బాగోనిది, ఇప్పటి బళ్ళకి బ్రేకు అటే కదా. మరి కుడి కాలు బాగోకపోతే కుడి పక్క గేరు ఎలా వేస్తారండీ సారుగారు? మీరు చెప్పడం మర్చిపోయారు, నేనే కనిపెట్టి ఎడమకి మార్చేశాను!" అన్నాడు. ఈ బండికి బ్రేకు ఎడమ పక్కనుందన్నది ఒక్కటే మరిచాడు గానీ, మిగతా లెక్కలో తప్పేమీ లేదు. నా పిల్లలెవరైనా పరీక్షలో అలా రాస్తే ఒక్క మార్కు మించి కోసేదాన్ని కాదు.

లోపలికొచ్చేసరికి ఆయన పెట్టుడు కాలు తీసేసి మంచం మీద కూర్చున్నారు. పడగ్గది తలుపు బార్లా తీసి ఉంది.

"తమ్ముడికి చెప్పేయ్. చెరువు తీసుకోమను."

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. "నేను చెప్పను. ఆ మాట మీరే చెప్పుకోండి. గూడెం వెళ్ళి ఆ మెకానిక్కుకీ మీరే చెప్పుకోండి. మీ కాలు బాగుందనీ, బాలేదనీ, కొంచెం బాలేదనీ ఊరందరికీ చెప్పి చెప్పి నా నోరు పడిపోయింది. ఇంక మీ కాలి గురించి నేనెవరికీ ఒక్క ముక్క చెప్పను!" అన్నాను. ఇంకా చాలా అన్నాను, అన్నీ ఇక్కడ రాయక్కర్లేదు.

కొన్నాళ్ళు ఇంట్లో మాటల్లేవు. అన్నం పెడితే తినేవారు. బండి వసారాలో దుమ్ము పట్టకుండా నేను దుప్పటి కప్పితే, ఆ దుప్పటి వంక కూడా చూసేవారు కాదు. మరిది ఫోను చేసి, పట్టుబడికి కైకలూరులో ఐసు చెప్పనా అని అడిగాడు. "నీ ఇష్టం" అన్నారు. నేను ఓడిపోయానని అనుకున్నాను.

ఒక ఆదివారం నేను తలంటుకుని వచ్చేసరికి ఆయన ప్యాంటు వేసుకుని, కాలు తగిలించుకుని, వసారాలో నిలబడి ఉన్నారు. వీధిలో ట్రాలీ ఆటో. "పద" అన్నారు. అంతే.

గూడెం దాకా డ్రైవరు పక్కన ఆయన, ఆయన పక్కన ఇరుక్కుని నేను. కొట్టు ముందు దిగగానే మెకానిక్కు ఎదురొచ్చి, "రండి సార్, రండి! కూర్చోండి. కాలు ఎలా ఉందండీ ఇప్పుడు?" అన్నాడు.

ఈయన బల్ల మీద కూర్చున్నారు. వంగి, ఎడమ ప్యాంటు మోకాలి దాకా పైకి లాగారు.

"ఈ కాలు లేదయ్యా. తీసేశారు. కుడిది ఉంది. నా గేరు కుడి పక్కకి పెట్టెయ్."

ఆ మాట ఆయన నోట వినడం నాకదే మొదటిసారి. కొట్లో సుత్తి దెబ్బలు ఆగిపోయాయి. మెకానిక్కు మొహాన నెత్తురుచుక్క లేదు. నా మీదికి తిరిగాడు.

"అదేదో ముందే చెప్పొద్దాండీ మేడంగారూ?"

"ఈయన చెప్పనివ్వలేదు, మీరు అడగలేదు. మధ్యలో నన్నంటారేంటండీ?" అన్నాను. నా గొంతు వీధిలోకి వినబడిందనుకుంటాను. ఆయన, మెకానిక్కు మొహమొహాలు చూసుకుని, ఇద్దరూ నవ్వారు. నాకు మాత్రం నవ్వు రాలేదు, ఒళ్ళు మండిపోయింది. సాయంత్రానికి గేరు కుడి పక్కకి వచ్చింది. ఆయన అక్కడే బల్ల మీద కూర్చుని, దగ్గరుండి చేయించుకున్నారు. అతను ఆయన ఎడమ కాలు ఎంతవరకు వంగుతుందో చూడాలంటే, ఏమాత్రం మొహమాటం లేకుండా చూపించారు.

పట్టుబడికి ముందు వారం బండిని చెరువు దగ్గరికి తీసుకెళ్ళాం. మరిది ఉన్నాడు, మేత కట్టే మనుషులున్నారు. అందరూ "కాలు ఎలా ఉందండయ్యా?" అన్నారు. "బానే ఉంది" అన్నారు ఈయన. గూడెంలో పరాయివాడి ముందు చెప్పడం వేరు, తన మనుషుల ముందు చెప్పడం వేరని అప్పుడర్థమైంది.

మరిది కిక్కు కొట్టబోతే వద్దన్నారు. షెడ్డు గోడ పట్టుకుని తనే కొట్టారు. ఇంజను అందుకుంది. ఎక్కి, ఎడమ పాదాన్ని చేత్తో పట్టుకుని చిప్పలో పెట్టుకుని, కుడి కాలితో గేరు వేశారు. బండి కదిలింది. నేను ఈ గట్టు మీద, ఆయన అవతలి గట్టు మీద, మధ్యలో చెరువంత నీళ్ళు. ఇంజను చప్పుడు నీళ్ళ మీదుగా వస్తోంది. మేత సంచులు కట్టిన వెదురు బొంగుల వరస పక్కనే ఆయన వెళ్తున్నారు, తిన్నగా, ఎప్పుడూ వెళ్ళినట్టే. నాకు ఎంత సంతోషం వేసిందో చెప్పలేను. చేతులు నోటికి అడ్డం పెట్టుకున్నాను.

అవతలి మూల మేత కట్టేవాళ్ళు, వాళ్ళతోపాటు ముందే అటు నడిచిన మరిది ఉన్న చోట ఆపారు. ఆపేటప్పుడు, ఇన్నేళ్ళ అలవాటు కదా, ఎడమ కాలు కిందపెట్టారు. పెట్టుడు కాలికి నేల తెలియదు. బండి ఎడమ పక్కకి ఒరిగి, ఆయనతో సహా పడిపోయింది.

పరిగెత్తుకెళ్దామంటే చెరువు చుట్టూ తిరిగి వెళ్ళాలి. అక్కడున్న మనుషులు కదలరే! ఒకతను మేత సంచి ముడి సరిచేసుకుంటున్నాడు. ఇంకొకతను నీళ్ళలోకి చూస్తున్నాడు. మరిది రెండడుగులు వేసి ఆగిపోయాడు. అన్న పడిపోవడం తాము చూసినట్టు అన్నకి తెలిస్తే ఆయన ఎక్కడ చిన్నబుచ్చుకుంటారోనని. బండి కింద ఆయన. చుట్టూ అందరూ మర్యాదగా ఎటో చూస్తూ.

అప్పుడు వినబడింది. నీళ్ళ మీద మాట ఎంత దూరమైనా వస్తుంది.

"ఏంట్రా అలా నిలబడ్డారు! నాకు ఎడమ కాలు లేదు! నేను లేవలేను! వచ్చి పట్టుకోండి!"

ఒక్కసారిగా అందరూ మీద పడ్డారు. బండి లేపారు, ఆయన్ని లేపారు, ప్యాంటుకంటిన రేగడి దులిపారు. ఎవరో కాలు సరిగ్గా తగిలిస్తున్నారు. ఆయన గొంతు ఇంకా వినబడుతూనే ఉంది. ఆగేటప్పుడు ఎడమ పక్క ఒక మనిషి ఉండాలని, ఏ మూల ఎవరుంటారో వాళ్ళే చూసుకోమని, పట్టుబడి అయ్యాక చెరువు ఎండగట్టి మళ్ళీ చేపపిల్ల ఎప్పుడు వదలాలో తను చెబుతానని. "ఆయ్, ఆయ్" అంటున్నారు వాళ్ళు. నేను ఉన్నచోటే కూలబడి బావురుమన్నాను. చూసేవాళ్ళెవరూ లేరు, ఉన్నా నాకు పట్టదు.

ఇంజను మళ్ళీ అందుకుంది. ఆయన మిగతా గట్టు చుట్టి నా వైపు వస్తున్నారు. మొహం మీద మట్టి, కళ్ళజోడు వంకరగా. ఇంకా చాలా దూరంలో ఉండగానే అరిచారు.

"ఆగుతున్నానే! ఎడమ పక్కకి రా!"

చీర కుచ్చెళ్ళు ఎగదోపుకుని పరిగెత్తాను.